లేజర్ టోపీ కొనాలా, మందు రాసుకోవాలా: జుట్టు పలచబడుతున్నవాళ్లకు ఒక పోలిక

మా బావమరిది హన్మకొండ నుంచి ఫోన్ చేశాడంటే ఈ మధ్య ఒకటే సంగతి. వాడికి 28 ఏళ్లు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నుదురేమో రెండు పక్కలా పైకి జరుగుతోంది. "బావా, లేజర్ టోపీ అంట. కాసేపు నెత్తిన పెట్టుకుంటే చాలంట. ఈఎంఐ కూడా ఇస్తున్నారు. తీసుకోమంటావా?" అని మొదలెడతాడు. నన్నే అడగడానికి కారణం ఉంది. లోపల చిన్న చిన్న ఎర్ర లేజర్ బల్బులుండే అలాంటి టోపీ ఒకటి రెండేళ్ల కిందట కొన్నాను, ఇప్పటికీ వాడుతున్నాను. నా నెత్తి చూసి వాడికి నమ్మకం కుదరాలో, అనుమానం రావాలో తేలడం లేదు.

ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కొనేముందు దొరికిందల్లా చదివినవాణ్ని, కొన్నాక వాడి చూసినవాణ్ని, అంతే.

మొదట ఒక షరతు చెప్పుకోవాలి. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు లేజరైనా, మందైనా, మాత్రైనా వాడినంత కాలమే పనిచేస్తాయి. ఆపిన కొన్ని నెలలకు నిలబెట్టుకున్న జుట్టు కూడా పోతుంది. కాబట్టి ఏది ఎక్కువ బలమైనదో చూసేముందు నేను అడిగే ప్రశ్న వేరు. ఏడాది గడిచాక, ఊరి ప్రయాణం పెట్టుకున్న రోజున, ఆఫీసు నుంచి రాత్రి పదింటికి ఇల్లు చేరిన రోజున కూడా మీరు మానకుండా చేసేది ఏది? ఈ ప్రశ్నకు జవాబు మనిషి మనిషికీ మారుతుంది. నా సలహా కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇంతకీ అది బట్టతలేనా

డెంగీ, టైఫాయిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి బాగా బరువు తగ్గడం, వీటిలో ఏది జరిగినా రెండు మూడు నెలలకు జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడుతుంది. తల అంతటా ఊడుతుంది, ఒకచోట అని ఉండదు. చూస్తే గుండె గుభేల్మంటుంది గానీ, చాలామందికి ఆరేడు నెలల్లో దానంతటదే తిరిగి వస్తుంది. సరిగ్గా ఈ సమయంలోనే మనిషి టెన్షన్ పడి ఏదో ఒకటి కొంటాడు. ఆరు నెలల తర్వాత జుట్టు వస్తుంది. పేరు మాత్రం కొన్న వస్తువుకు పోతుంది. టోపీల కింద కనిపించే పొగడ్తల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయోనని నాకు ఎప్పుడూ అనుమానమే.

బట్టతల తీరు వేరు. ఇది చడీచప్పుడు లేకుండా వస్తుంది. మగవాళ్లకు నుదుటి మూలల్లో, నడినెత్తి మీద మొదలవుతుంది. ఆడవాళ్లకు ముందు పాపిడి వెడల్పవుతుంది. ఒక్కో వెంట్రుకా ఏటేటా సన్నబడి, పొట్టిదై, చివరికి నూగులా మిగులుతుంది. వెనక వైపు, చెవుల పైన మాత్రం దిట్టంగానే ఉంటుంది. మగవాళ్లలో దీని వెనక ఉన్నది డీహెచ్‌టీ అనే హార్మోను. అది అందరి ఒంట్లోనూ ఉంటుంది, పుట్టుకతో దానికి లొంగిపోయే కుదుళ్లు కొందరికే ఉంటాయి. మేనమామను చూస్తే తెలిసిపోతుందంటారు గానీ, ఇది అటు నుంచీ రావచ్చు, ఇటు నుంచీ రావచ్చు. హైదరాబాద్ హాస్టళ్లలో ఉండేవాళ్లంతా బోరు నీళ్లను తిడతారు. ఉప్పు నీళ్లతో వెంట్రుక గరుకై తెగొచ్చు, నుదురు మాత్రం వెనక్కి జరగదు. బండి హెల్మెట్ కూడా ఈ పాపం మోయక్కర్లేదు.

గుండ్రంగా, నున్నగా, రూపాయి బిళ్లంత మేర ఊడితే అది పేనుకొరుకుడు కావచ్చు. దానికి వైద్యం వేరు, ఈ టోపీలు దానికోసం కావు. ఆడవాళ్లకైతే థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించకుండా ఏదీ కొనకూడదు. చర్మవ్యాధుల డాక్టరుకు ఒక్కసారి చూపిస్తే అయ్యే ఖర్చు టోపీ ఖరీదులో చాలా చిన్న ముక్క.

ఎలుకల వీపు మీద మొదలైన కథ

1967లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు గొరిగి, దాని మీద రూబీ లేజర్ వేసి చూశాడు. లేజర్లు అప్పటికి కొత్త. వాటి వల్ల క్యాన్సర్ వస్తుందేమో తేల్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. క్యాన్సర్ రాలేదు. గొరిగిన చోట మాత్రం, లేజర్ పడిన ఎలుకలకు మిగతావాటి కంటే త్వరగా జుట్టు వచ్చింది. తర్వాత రోజుల్లో బ్యూటీ క్లినిక్కుల్లోనూ ఇలాంటిదే బయటపడింది. ఒంటి మీద జుట్టు తీయించుకోవడానికి లేజర్‌కి వెళ్లినవాళ్లలో కొందరికి ఆ పక్కనే కొత్తగా జుట్టు మొలిచింది. పోగొట్టుకుందామని డబ్బు కడితే వచ్చి చేరిందన్నమాట.

మనం మాట్లాడుకునే లేజర్ కాల్చదు, కోయదు, వేడి కూడా తెలియదు. ఒక్కో బల్బు శక్తి సుమారు 5 మిల్లీవాట్లు. స్లైడ్ల మీద చుక్క చూపించే లేజర్ పెన్ను ఎంతో ఇదీ అంతే. వెలుగు ఎరుపు. తరంగదైర్ఘ్యం 630 నుంచి 680 నానోమీటర్ల మధ్య ఉంటుంది, ఎక్కువ యంత్రాల్లో 655 దగ్గర. ఈ ఎరుపును కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుంటుందని, దాంతో కణానికి శక్తి పెరుగుతుందని, నిద్రపోతున్న కుదుళ్లు ఎదుగుదల దశలోకి వస్తాయని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. డీహెచ్‌టీ జోలికి మాత్రం ఇది పోదు. అంటే రోగం మూలం అలాగే ఉంటుంది, కుదురుకు కాస్త ఊతం దొరుకుతుంది. నున్నగా మెరిసే చోట ఊతమిచ్చేందుకు కుదురే మిగిలి ఉండదు. సన్నబడిన వెంట్రుకలు ఇంకా కనిపిస్తున్న చోటే దీని మీద ఆశ పెట్టుకోవాలి.

లెక్కల్ని ఎలా చదవాలి

లేజర్ ఉత్త మోసం అనేవాళ్లూ ఉన్నారు, అద్భుతం అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పేనని పరీక్షల ఫలితాలు చూస్తే తెలుస్తుంది.

2009లో అచ్చయిన ఒక పరీక్షలో 110 మంది మగవాళ్లు పాల్గొన్నారు. కొందరికి ఇలాంటి బల్బులే బిగించిన అసలు లేజర్ దువ్వెన, మిగతావాళ్లకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి దువ్వెన ఇచ్చారు. వారానికి మూడుసార్ల చొప్పున 26 వారాలు వాడారు. అసలు దువ్వెన వాడినవాళ్లకు చదరపు సెంటీమీటరుకు సగటున 20 దాకా వెంట్రుకలు పెరిగాయి. ఉత్తుత్తి దువ్వెన వాడినవాళ్లకు ఏడెనిమిది తగ్గాయి. 2014లో 128 మంది మగవాళ్లు, 141 మంది ఆడవాళ్లతో వచ్చిన ఫలితాలూ దాదాపు ఇంతే. లేజర్ వాళ్లకు 18 నుంచి 26 వరకు పెరిగాయి.

ఆ రెండో పరీక్షలో నన్ను ఆపిన అంకె వేరే ఉంది. ఉత్తుత్తి దువ్వెన వాడిన మగవాళ్లలో ఒక గుంపుకు కూడా తొమ్మిది దాకా పెరిగాయి. వెలుగేమీ లేకుండానే! కాబట్టి "నాకు కాస్త వచ్చినట్టుంది" అని ఎవరైనా అంటే, ఆ కాస్తలో యంత్రం వాటా ఎంతో వాళ్లకే తెలియదు. నాక్కూడా తెలియదు.

ఇలాంటి పరీక్షల్లో లెక్క ఎలా పెడతారో చూస్తే ముచ్చటేస్తుంది. పలచబడుతున్న చోట కొంచెం జుట్టు కత్తిరించి, మధ్యలో చిన్న పచ్చబొట్టు చుక్క పొడుస్తారు. ఆరు నెలల తర్వాత అదే చుక్క చుట్టూ మళ్లీ ఫొటో తీసి వెంట్రుకలు లెక్కపెడతారు. ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా లెక్క తప్పుతుంది కదా.

20 వెంట్రుకలంటే ఎంత? ఆరోగ్యంగా ఉన్న నెత్తి మీద చదరపు సెంటీమీటరుకు నూటయాభై, రెండొందల దాకా ఉంటాయి. 20 పెరిగితే కెమెరాకు తెలుస్తుంది. అద్దంలో కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు. ప్రకటనల్లో మాత్రం అంకె వేయరు, శాతం వేస్తారు. 2013లో 44 మందితో, 16 వారాల పాటు, లేజర్లూ ఎల్ఈడీలూ కలిసిన హెల్మెట్‌తో జరిగిన పరీక్షలో పోల్చి చూస్తే 39 శాతం పెరుగుదల అని తేలింది. ఆ 39 శాతం నెత్తి మొత్తానికి కాదు, అప్పటికే పలచబడిన చిన్న గుండ్రటి చోటుకు. ఉన్నదే తక్కువైనప్పుడు కొంచెం పెరిగినా శాతం పెద్దగా కనిపిస్తుంది. ఇంకొకటి, ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం యంత్రాలు అమ్మే కంపెనీల డబ్బుతో జరిగినవే. అంత మాత్రాన అబద్ధాలని కాదు, అంకెల్ని పైమెట్టుగా తీసుకోవాలని నా లెక్క.

"అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది" అనే మాట కూడా సరిగ్గా వినాలి. ఎఫ్‌డీఏ అంటే అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ. 2007లో మొదటి లేజర్ దువ్వెన, హెయిర్‌మ్యాక్స్, మగవాళ్ల కోసం అమ్ముకోవడానికి అక్కడ అనుమతి వచ్చింది. 2011లో ఆడవాళ్లకూ వచ్చింది. ఇది 510(కె) అనే దారిలో వచ్చే అనుమతి. ఇప్పటికే మార్కెట్లో ఉన్న పరికరం లాంటిదేనని చూపించాలి. కొత్త మందుకు అడిగినన్ని రుజువులు దీనికి అడగరు. తలకు రాసే మినాక్సిడిల్, మింగే ఫినాస్టెరైడ్ మాత్ర కొత్త మందులకు పెట్టిన కఠినమైన దారిలో వచ్చాయి కాబట్టి వాటి మీద జరిగిన పరీక్షలు చాలా ఎక్కువ.

మందుల పక్కన పెట్టి చూస్తే

మినాక్సిడిల్ 1970ల చివర బీపీ మాత్రగా వచ్చింది. మింగినవాళ్లకు ఒళ్లంతా జుట్టు రావడంతో, 1988లో తలకు రాసే మందుగా అమెరికాలో అనుమతి ఇచ్చారు. ఇప్పుడు మన మందుల షాపుల్లో సీసా వందల్లోనే దొరుకుతుంది. మగవాళ్లు మామూలుగా 5 శాతం మందును రోజుకు రెండుసార్లు, ఒక మిల్లీలీటరు చొప్పున మాడుకు రాస్తారు. జుట్టుకు కాదు, మాడుకు. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. మొదటి రెండు నెలల్లో ఉన్నది ఇంకా రాలుతుంది. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. నిజానికి పాత వెంట్రుక వెళ్లి కొత్తదానికి చోటిస్తోందన్నమాట. బాధలు చిన్నవే, కానీ రోజువారీవి: జిడ్డు, దురద, దిండు గలీబు మీద మరకలు, రాసుకున్నాక ఆరేదాకా ఆగడం. మే నెల ఎండలో మధ్యాహ్నం డోసు రాసుకుని బయటికి వెళ్లి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం చాలా జాగ్రత్త. ఈ మందు పిల్లులకు విషం. దిండు నాకినా ప్రమాదమే.

ఫినాస్టెరైడ్ మాత్ర 1 మిల్లీగ్రాము, రోజుకొకటి. 1997లో బట్టతలకు అనుమతి వచ్చింది. డీహెచ్‌టీని సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది, అంటే మూలం మీదే కొడుతుంది. రెండేళ్ల పరీక్షలో మాత్ర వేసుకున్నవాళ్లలో 83 శాతం మందికి వెంట్రుకల లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అలా నిలబడినవాళ్లు 28 శాతమే. లేజర్ దగ్గర ఇంతటి రుజువు లేదు, ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు వస్తాయి. మానసికంగా కుంగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ఫలితంగా 2025లో యూరప్ మందుల సంస్థ గుర్తించింది. డిప్రెషన్‌తో ఒకసారి బాధపడినవాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పకుండా ఇది మొదలుపెట్టకూడదు. గర్భం వచ్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు వేసుకోకూడదు. యాభై దాటిన మగవాళ్లు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ పరీక్ష చేయించుకుంటే, ఈ మాత్ర వేసుకుంటున్నామని చెప్పి తీరాలి. అది ఆ అంకెను సగానికి దించేస్తుంది.

పీఆర్‌పీ అంటే మన రక్తాన్నే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని సూదులతో మాడులోకి ఎక్కించడం. నెలకొకటి చొప్పున మూడు నాలుగు సిట్టింగులు, తర్వాత అప్పుడప్పుడూ. ఒక్కో క్లినిక్ ఒక్కో పద్ధతిలో చేస్తుంది కాబట్టి ఒకచోటి ఫలితాన్ని ఇంకోచోట ఆశించలేం. సూదులు నొప్పే.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. వెనకున్న కుదుళ్లను ముందుకు నాటడం అది. నాటినవి ఉంటాయి, వాటి పక్కన ముందు నుంచీ ఉన్నవి మాత్రం రాలుతూనే ఉంటాయి. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా మందులు తప్పవు. చేసేది ఎవరో చూసుకోండి. యూట్యూబ్ లాంటివి చూసి ఈ ఆపరేషన్ నేర్చుకుంటే సరిపోదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చిందంటే, పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

వీటన్నిటి మధ్య లేజర్ చోటేమిటి? బలంలో ఫినాస్టెరైడ్ కంటే కిందే. దుష్ఫలితాల్లో అన్నిటికంటే తేలిక. తలనొప్పి, కాస్త దురద, మాడు పొడిబారడం లాంటివి తప్ప పెద్దవేవీ పరీక్షల్లో బయటపడలేదు. ఖర్చు తీరే వేరు: మందు నెలనెలా కొద్దికొద్దిగా పోతుంది, లేజర్ ఒకేసారి దెబ్బ కొడుతుంది. మినాక్సిడిల్‌తో కలిపి వాడితే దేనికది వాడినప్పటి కంటే మెరుగని కొన్ని పరీక్షలు చెబుతున్నాయి. నేనైతే దీన్ని తోడు చికిత్సగానే చూస్తాను.

మన ఒంటి రంగు సంగతి

ఇది ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. యంత్రంతో వచ్చే కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చర్మవైద్యులు ఒంటి రంగును ఫిట్జ్‌పాట్రిక్ అనే కొలతలో ఆరు మెట్లుగా విడగొడతారు. ఒకటి ఎండకు కందిపోయే పాల తెలుపు, ఆరు చిక్కటి నలుపు. హెయిర్‌మ్యాక్స్ లాంటి యంత్రాలకు అమెరికాలో అనుమతి వచ్చింది ఒకటి నుంచి నాలుగు మెట్ల వరకే. మనలో చామనఛాయ వాళ్లు నాలుగు, అయిదు మెట్లలో ఉంటారు. నల్లగా ఉన్నవాళ్లు ఆ పైన. రంగునిచ్చే మెలనిన్ వెలుగును దారిలోనే కొంత పీల్చుకుంటుంది కాబట్టి, కుదురు దాకా చేరేది తగ్గవచ్చు. హాని జరుగుతుందని దీనర్థం కాదు. కానీ ఆ 20 వెంట్రుకల లెక్క వచ్చింది ఎక్కువగా మనకంటే తెల్లటి నెత్తుల మీద. లక్ష పెట్టేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. నేను కొన్నాక చదివాను.

దువ్వెన, బ్యాండ్, టోపీ

దువ్వెన వీటిలో చవక. దాని పళ్లు జుట్టును పాయలు తీస్తాయి కాబట్టి వెలుగు నేరుగా మాడు మీద పడుతుంది. వారానికి మూడుసార్లు, పదీ పదిహేను నిమిషాలు, కొన్ని క్షణాలకోసారి కొంచెం కొంచెంగా జరుపుతూ పోవాలి. నాలుగో వారానికి చెయ్యి లాగుతుంది, ఆరో వారానికి మనసు లాగుతుంది. బ్యాండ్‌లో బల్బులు ఎక్కువ, పళ్లూ ఉంటాయి, పని నిమిషాల్లో అయిపోతుంది. జుట్టు ఇంకా ఒత్తుగా ఉన్నవాళ్లకు, పొడవు జుట్టున్న ఆడవాళ్లకు నా ఓటు బ్యాండ్‌కే.

టోపీలో సుఖం ఉంది. పెట్టుకుని పేపరు చదువుకోవచ్చు, మీటింగులో కెమెరా ఆపేసి కూర్చోవచ్చు. కొన్ని కంపెనీలు రోజూ ఆరు నిమిషాలంటాయి, కొన్ని రోజు విడిచి రోజు ఇరవై అయిదంటాయి. లోపం ఏమిటంటే పళ్లు ఉండవు, ఉన్న జుట్టే వెలుగుకు అడ్డు. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన నెలలో మా టోపీకి మంచి రోజులు నడిచాయి అనుకోవచ్చు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం మాత్రం నిజం కాదు. మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే.

బల్బుల సంఖ్య చూసి మోసపోకండి. 80 ఉన్నవీ ఉన్నాయి, 270 దాటినవీ ఉన్నాయి. ఎక్కువ ఉంటే నెత్తి మీద ఎక్కువ మేర పడుతుంది, రెట్టింపు జుట్టు రాదు. ఈ వెలుగుకు ఒక మోతాదు ఉంది. దాటితే లాభం పెరగదు, తగ్గనూ వచ్చు. అందుకే చెప్పిన టైముకు మించి పెట్టుకోవడం శుద్ధ దండగ. ఆన్‌లైన్లో అయిదారు వేలకు దొరికే టోపీల్లో చాలావరకు లేజర్లుండవు, ఎర్ర ఎల్ఈడీలే ఉంటాయి. ఎల్ఈడీ పనికిరాదని కాదు, ఇందాక చెప్పిన 2013 హెల్మెట్‌లో 21 లేజర్లతో పాటు 30 ఎల్ఈడీలూ ఉన్నాయి. అచ్చంగా ఎల్ఈడీలతో చేసిన టోపీ ఆ పరీక్ష ఫలితాన్ని తన పెట్టె మీద అచ్చేసుకుంటే మాత్రం అది దొంగ లెక్క. అమ్మేవాణ్ని మూడు అడగండి: లేజర్లు ఎన్ని, తరంగదైర్ఘ్యం ఎంత, 510(కె) నంబరు ఏమిటి. ఆ నంబరును ఎఫ్‌డీఏ సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. జవాబుకు బదులు డిస్కౌంట్ చెబితే ఫోన్ పెట్టేయండి.

క్లినిక్ సిట్టింగుల మీద మాత్రం నాకు జాలి లేదు. టోపీ కొనకముందు ఒక క్లినిక్‌లో పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ కట్టాను. వారానికొకటి. మూడు నెలలకు ప్యాకేజీ అయిపోయింది, కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ ఇంకో ప్యాకేజీ కాగితం జరిపింది. వారానికి మూడుసార్ల చొప్పున, ఏళ్ల తరబడి చేయాల్సిన పనిని ఒక్కో సిట్టింగుకు డబ్బు కట్టి, ట్రాఫిక్‌లో గంట కూర్చుని చేయించుకోవడం ఏ లెక్కన చూసినా గిట్టదు. అదే డబ్బుతో టోపీలో సగం వచ్చేది.

డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు రెండు చూసుకోవాలి. అడాప్టర్ మీద 100-240 వోల్టులని రాసి ఉందా? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? వారంటీ అక్కడ ఉంటుంది, టోపీ ఇక్కడ ఉంటుంది. బ్యాటరీ ప్యాక్ విడిగా ఉంటే చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి.

ఎవరికి ఏది చెబుతాను

పాతికేళ్ల కుర్రాడు, ఇప్పుడే మొదలైంది, నెలకు వెయ్యి రూపాయలు పెట్టగలడు: డాక్టరుకు చూపించి మినాక్సిడిల్. మాత్ర సంగతి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. లేజర్ జోలికి అప్పుడే వద్దు. అప్పు చేసి అసలే వద్దు.

మాత్రంటే భయం, లేదా మాత్ర పడలేదు, మందు రాస్తే మాడు ఎర్రగా కందుతోంది: లేజర్ గురించి ఆలోచించాల్సింది వీళ్లే. అలాగే పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లు. ఫినాస్టెరైడ్ వాళ్లకు పనికిరాదు, కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ మినాక్సిడిల్ వద్దంటారు. పైగా మినాక్సిడిల్‌తో కొందరికి చెంపల మీద, నుదుటి మీద నూగు వస్తుంది. గర్భిణుల మీద లేజర్ పరీక్షలూ జరగలేదు కాబట్టి ఆ తొమ్మిది నెలలు దాన్నీ పక్కన పెట్టమంటాను, ముందూ తర్వాతా వాడుకోవచ్చు.

ఇప్పటికే మందు వాడుతూ నిలదొక్కుకున్నారు, చేతిలో డబ్బుంది, క్రమం తప్పని మనిషి: టోపీ తోడు పెట్టుకోవచ్చు. నడినెత్తి పూర్తిగా నున్నగా అయిన మామయ్యలకు మాత్రం ఏ వెలుగూ పనిచేయదు. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవడమో, హాయిగా ఉండటమో. మా పెదనాన్న రెండోది ఎంచుకుని ముప్పై ఏళ్లయింది.

లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లు, మాడు మీద అనుమానపు మచ్చ ఉన్నవాళ్లు, ఎండకు చర్మం తట్టుకోకుండా చేసే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా పెట్టుకోకూడదు. బల్బుల్లోకి నేరుగా చూడకూడదు, పిల్లలకు అందకుండా దాచాలి.

నా నెత్తి మీద ఏం జరిగింది

నాది రోజు విడిచి రోజు ఇరవై అయిదు నిమిషాల టోపీ. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని పెట్టుకుంటాను. బటన్ నొక్కగానే చిన్నగా బీప్ మంటుంది, అంచు కింద నుంచి ఎర్రటి వెలుగు చెవుల మీద పడుతుంది. మా అమ్మాయి మొదట్లో భయపడింది, ఇప్పుడు "నాన్న ఛార్జింగ్ పెట్టుకున్నాడు" అంటుంది. తలకు నూనె రాసిన రోజు పెట్టుకోను, లోపలి అద్దాల మీద జిడ్డు పేరుకుంటే వెలుగు తగ్గుతుంది. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తాను.

చేసిన మంచి పని ఒకటి ఉంది, ఫొటోలు. ప్రతి నెలా ఒకటో తారీఖున, వంటింటి ట్యూబ్‌లైట్ కింద, అదే స్టూలు మీద కూర్చుంటే మా ఆవిడ నడినెత్తి ఫొటో తీస్తుంది. తల ఆరి ఉండాలి, పాపిడి అదే చోట తీయాలి. తడి తలతో తీస్తే ఎవరిదైనా బట్టతలలాగే కనిపిస్తుంది, ఎండలో తీస్తే ఇంకా ఘోరం. ప్రకటనల్లో "ముందు" ఫొటోలు తడిగా, "తర్వాత" ఫొటోలు ఆరబెట్టి దువ్వి ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది.

ఏడో నెల ఫొటోను మొదటిదాని పక్కన పెడితే నడినెత్తి మీద పలచదనం కాస్త పూడినట్టుంది. పెరిగింది అనడం కంటే ఆగింది అనడం నిజాయితీ. నుదుటి మూలలు ఇంచు కూడా కదల్లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. నేను రాత్రిపూట మినాక్సిడిల్ కూడా రాస్తున్నాను. ఫలితం దేనిదంటే చెప్పలేను. నన్ను అడిగితే మందుదే ఎక్కువ అంటాను. మా ఆవిడ మాత్రం టోపీదే అంటుంది, ఆ డబ్బు ఊరికే పోయిందని ఆమెకు అనుకోవాలని లేదు.

బావమరిదికి ఇదంతా చెప్పాను. హన్మకొండలోనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకున్నాడు, బట్టతలేనన్నారు, మినాక్సిడిల్ రాసిచ్చారు. మాత్ర సంగతి పెళ్లయ్యాక చూద్దామనుకున్నాడు. ఈఎంఐ మానుకున్నాడు గానీ, దసరాకు వచ్చినప్పుడు నా టోపీ ఆరు నెలలు అప్పిమ్మంటున్నాడు. ఇస్తాను, ముందు నడినెత్తి ఫొటో పంపమన్నాను. నిన్న పంపాడు. స్నానం చేసి వచ్చి, జెల్ రాసుకుని, బాల్కనీలో ఎండలో తీశాడు. తల ఆరాక, జెల్ లేకుండా, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మళ్లీ తీసి పంపమన్నాను.